కాదంటూనే వచ్చిన మావయ్య

మా ఇంటికి వచ్చిన మొదటి రోజుల్లోనే అతను, తాను మా మావయ్యను కానని చెప్పాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు చెప్పాడు. అందరి ముందూ చెప్పాడు. ఇప్పుడు తలుచుకుంటే, అతని నోటి నుంచి మేము విన్న మాటల్లో నిజం అదొక్కటే. అబద్ధాలన్నీ అతను మా చేతే ఆడించాడు.

అసలు మావయ్య మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నేను ఉయ్యాల్లో ఉండగానే ఇల్లు వదిలి పోయాడు. మాది కడియం దగ్గర కాలవ గట్టున ఉన్న క్రైస్తవుల పేట. ఇంటి వెనక అమ్మమ్మకు చిన్న నర్సరీ ఉంది. మామిడి, సపోటా అంటుమొక్కలు, ఇళ్ళ ముందు పెట్టుకునే పూలమొక్కలు పెంచేది. ఇంటరు తప్పి ఖాళీగా తిరుగుతున్న మావయ్య ఒకరోజు మొక్కల లోడుతో నాగపూర్ వెళ్తున్న లారీ ఎక్కాడు. లారీ తిరిగి వచ్చింది, మావయ్య రాలేదు. దారిలో టీ కోసం ఆపితే దిగాడని, ఎంత చూసినా మళ్ళీ రాలేదని డ్రైవరు చెప్పాడు. తాతయ్య తెలిసిన ఊళ్ళన్నీ తిరిగి, ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. అమ్మమ్మ మాత్రం ఆగలేదు. మొక్కలు ఎత్తించుకోవడానికి ఏ లారీ వచ్చినా, డ్రైవరుకు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, "మా వాడు ఎక్కడైనా తగిలాడా బాబూ? ఎర్రగా ఉంటాడు, కొంచెం ఎడమ పక్కకి ఒరిగి నడుస్తాడు" అని చెప్పేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. ముప్ఫై ఏళ్ళుగా కడియం నుంచి దేశం నలుమూలలకీ వెళ్ళే లారీల్లో మొక్కలతో పాటు ఆ మాట కూడా వెళ్తూనే ఉంది. అది ఎవరి చెవిన పడుతుందో మేమెవరం ఆలోచించలేదు.

అతను వర్షాకాలంలో వచ్చాడు. అప్పటికి నేను రాజమండ్రిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆ రోజు ఆదివారం కావడంతో ఇంట్లోనే ఉన్నాను. గేటు దగ్గర యాభై ఏళ్ళ మనిషి గొడుగు లేకుండా తడుస్తూ నిలబడి ఉన్నాడు. మహారాష్ట్రలో ఎవరికో పెద్ద తోట వేస్తున్నారని, మామిడి అంట్లు చూడటానికి వచ్చానని అన్నాడు. మంచినీళ్ళు అడిగాడు. వరండాలో నిలబడి తాగుతూ గోడ మీద ఉన్న మావయ్య ఫొటో వైపు చూశాడు. చూడాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువసేపు చూశాడు. తర్వాత ఏదో తప్పు చేసినవాడిలా చప్పున తల తిప్పుకున్నాడు.

అమ్మమ్మ అది చూసింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఊరంటూ లేదండి. పని ఎక్కడుంటే అక్కడ."

"అమ్మానాన్నా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "అవన్నీ ఇప్పుడెందుకులెండి" అని, అంట్లు చూస్తానంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. తడి మట్టిలో కొంచెం ఎడమ పక్కకి ఒరిగి నడిచాడు. అమ్మమ్మ చేయి నా భుజం మీద పడింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మొక్కలేవీ కొనలేదు. అమ్మమ్మ చివరికి ఉండబట్టలేక, "నీ కుడికాలు ఒకసారి చూపించు నాయనా" అంది. మావయ్యకు చిన్నప్పుడు పార తగిలి కుడి పాదం మీద పెద్ద మచ్చ ఉండేది. అతను పాదం కుర్చీ కిందకి లాక్కున్నాడు.

"వద్దండి. మీరనుకునే మనిషిని నేను కాదండి."

"నేనేమీ అనుకోలేదే! కాలు చూపించమన్నాను, అంతే."

"నేను కాదమ్మా" అన్నాడు. అండీ అనేవాడు అమ్మా అన్నాడు. అంతే, లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగాడు. పాదం మీద మచ్చ అమ్మకి స్పష్టంగా కనిపించింది. మొక్కల పని చేసే మగాళ్ళలో పాదం మీద పార దెబ్బ లేనివాడు మా పేటలో ఒక్కడు కూడా ఉండడు. ఆ సంగతి ఆ రోజు మాలో ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాత అతను రాలేదు. అమ్మమ్మ అన్నం మానేసింది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. చివరికి మా అమ్మే రాజమండ్రిలో లాడ్జీలన్నీ వెతికి, అతన్ని పట్టుకుని, చేతులు పట్టుకుని బతిమాలి తీసుకొచ్చింది. ఈ మాట నేను పోలీసులకు చెప్పినప్పుడు ఎస్సై రాసుకోవడం ఆపి నా వైపు చూశాడు. "అంటే మీరే వెళ్ళి తెచ్చుకున్నారా అమ్మా?" అన్నాడు. అవును. మేమే వెళ్ళి తెచ్చుకున్నాం.

ఆటో దిగి అతను గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మమ్మ ఎదురుగా ఉంది. పక్కింటివాళ్ళు కూడా గోడ దగ్గరకి వచ్చి చూస్తున్నారు. అప్పుడతను తల ఎత్తకుండా, మాకు వినపడీ వినపడనట్టు అన్నాడు:

"వెళ్ళే ముందు నువ్వన్న మాట నేను ఏనాడో మర్చిపోయానమ్మా. నువ్వు కూడా మర్చిపో."

అమ్మమ్మ "వీడే, వీడే" అంటూ అతని మోకాళ్ళు చుట్టేసింది. ఆ మాట ఏమిటో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. మావయ్య లారీ ఎక్కడానికి ముందు రోజు, ఖాళీగా తిరుగుతున్నాడన్న కోపంతో అమ్మమ్మ వెదురుబద్దతో కొట్టి, "చచ్చినా సరే, నా కంటికి కనపడకు" అందట. ఆ సంగతి తాతయ్యకు కూడా చెప్పలేదట. ముప్ఫై ఏళ్ళు ఆ మాట ఒక్కతే మోసింది. నా కొడుక్కి కాక ఇంకెవరికి తెలుస్తుంది, అని మాతో వాదించింది. నేనూ నమ్మాను.

చాలా నెలల తర్వాత, డ్యూటీ నుంచి బస్సులో వస్తుండగా నాకు తట్టింది. ఇల్లు వదిలి పోయిన ఏ కొడుకునైనా తల్లి అంతకుముందు ఏదో ఒక మాట అనే ఉంటుంది. ఆ మాట ఏమిటో అతనికి తెలియాల్సిన పనే లేదు. అతను దాన్ని పలకలేదు కదా. పలికింది అమ్మమ్మ. అంత చిన్న సంగతి నాకు అర్థం కావడానికి అన్ని నెలలు పట్టింది.

అతనికి ముందు గది ఇచ్చాం. ఒద్దికైన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. పొద్దున్నే లేచి నర్సరీలో నీళ్ళు పెట్టేవాడు. చిగుళ్ళు తుంచేవాడు. అమ్మమ్మ మందులు వేళకి ఇచ్చేవాడు. అమ్మమ్మ పంచో చొక్కానో కొనిస్తానంటే వద్దనేవాడు. ఎవరైనా, "ఇన్నేళ్ళూ ఎక్కడున్నావురా?" అని అడిగితే మౌనంగా ఉండేవాడు. ఆ మౌనాన్ని అడిగినవాళ్ళే నింపుకునేవాళ్ళు. "పాపం, ఎన్ని కష్టాలు పడ్డాడో" అనేవాళ్ళు.

అతని పద్ధతి నేను మొదట పట్టుకున్నది వంటింట్లో. ఒకరోజు అమ్మ చేపలు కడుగుతూ, "చిన్నప్పుడు నీకు పనసగింజల కూరంటే ప్రాణం, పక్కింటావిడ చెట్టెక్కి కింద పడ్డావు కూడా" అని నవ్వింది. అతను ఊఁ కొట్టాడు. ఆ వారంలోనే మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మమ్మతో, "పక్కింటి పనసచెట్టు కొట్టేశారేమ్మా?" అన్నాడు. అమ్మమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. కళ్ళ నీళ్ళతో అమ్మ వైపు తిరిగి, "చూశావా, అన్నీ గుర్తున్నాయి వాడికి" అంది. నేను అమ్మ వైపు చూశాను. తాను చెప్పిన సంగతే అది అని అమ్మకు గుర్తు లేదు. లేదా గుర్తుండటం ఇష్టం లేదు. అమ్మ కూడా కళ్ళొత్తుకుంది.

మా నాన్న కాలేజీలో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు మొదటి నుంచీ అనుమానమే. ఆ సంగతి పైకి అనకముందే అతను పసిగట్టాడు. ఒకరోజు నాన్న వరండాలో పేపరు చదువుకుంటుంటే తనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"బావగారూ, మీకు నా మీద నమ్మకం లేదు. ఉండకూడదు కూడా. ఇంట్లో ఆడపిల్ల ఉంది, పెద్దావిడ ఉంది. ఎవడో వచ్చి కూర్చుంటే మగాడన్నవాడు చూస్తూ ఊరుకోకూడదు. మీరు పోలీసులకి చెప్పండి. నేనూ మీతో పాటు స్టేషన్‌కి వస్తాను."

నాన్న తడబడిపోయారు. "అబ్బే, అదేం లేదయ్యా" అన్నారు. ఆ రోజు నుంచీ ఎవరైనా సందేహంగా మాట్లాడితే, "నేను పోలీసుల దగ్గరికి వెళ్దామంటే తనే వస్తానన్నాడండి" అని చెప్పేవారు. పోలీసుల దగ్గరికి వెళ్దామన్నది తాను కాదని నాన్న మర్చిపోయారు. మా ఇంట్లో అతన్ని అడ్డుకోగలిగిన ఒక్క మనిషీ అలా అతనికి సాక్షిగా మారిపోయాడు.

మా పేటలో లూథరన్ చర్చిని గుడి అనే అంటారు, పాస్టరుగారిని అయ్యగారు అంటారు. అతను గుడికి వచ్చిన మొదటి ఆదివారం అయ్యగారు తప్పిపోయిన కొడుకు తండ్రి దగ్గరికి తిరిగొచ్చే వాక్యమే చదివారు. ఆరాధన అయ్యాక అతన్ని తన కథ సాక్ష్యంగా చెప్పమన్నారు. అతను ముందుకు వెళ్ళి, మైకు పట్టుకున్నాడు.

"ఈ అమ్మ నన్ను కొడుకంటోంది. నేను ఆమె కొడుకునని నేను చెప్పలేనండి. కొడుకు అనిపించుకునే పని నేనేం చేశాను? నన్ను అలా పిలవొద్దని మీరైనా చెప్పండి."

ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. నేను వెనక బెంచీలో ఉన్నాను. అతని మాటల్లో ఎక్కడా అబద్ధం లేదు. అదే నన్ను భయపెట్టింది. అంతమంది ఏడుస్తుంటే అతని కళ్ళు మాత్రం పొడిగా, నెమ్మదిగా, ఒక్కొక్క బెంచీ మీదుగా వెళ్తున్నాయి. సంతలో సరుకు చూసుకునే మనిషి చూపులా ఉంది అది. నా దగ్గరకి వచ్చేసరికి ఆగింది. చిన్నగా తల ఊపాడు.

చలికాలం మొదట్లో అతనికి జ్వరం వచ్చింది. చుట్టుపక్కల డెంగీ తిరుగుతోంది. అమ్మ అతన్ని నాతో రాజమండ్రి పంపింది. రక్తం నేనే తీశాను. డెంగీ కాదని తేలింది. ట్యూబులో కొంచెం రక్తం మిగిలింది. గ్రూపు కూడా చూశాను. నన్నెవరూ చూడమనలేదు.

ఓ పాజిటివ్.

అమ్మమ్మది ఏబీ. తుంటి ఆపరేషన్ అప్పుడు ఆ గ్రూపు రక్తం కోసం మేం పడ్డ తిప్పలు ఇంట్లో అందరికీ తెలుసు. ఏబీ తల్లికి ఓ గ్రూపు బిడ్డ పుట్టదు. ఎక్కడో అరుదుగా తప్ప అది జరగదని మా చదువులో మొదటి ఏడాదే చెప్తారు. ఇంకోసారి చూశాను. అదే వచ్చింది. అద్దం అవతల బెంచీ మీద అతను శాలువా కప్పుకుని కూర్చుని నన్నే చూస్తున్నాడు.

బస్టాండుకు నడుస్తుంటే తనే అడిగాడు. "నా రక్తంలో ఏం కనిపించిందమ్మా?"

"మీరు మా మావయ్య కాదని కనిపించింది."

అతను ఆగలేదు, కంగారు పడలేదు. "అది నేను మొదట్లోనే చెప్పాను కదమ్మా" అన్నాడు. కొన్ని అడుగులు వేశాక, "వెళ్ళి ఆవిడతో చెప్పండి. నేను పక్కనే నిలబడతాను. మీరు చెప్పాక ఆవిడకి ఎవరు కావాలంటే వాళ్ళే ఆ ఇంట్లో ఉంటారు" అన్నాడు. జ్వరంతో వేడిగా ఉన్న అతని ఊపిరి నా చెంపకు తగిలింది. నేను దూరం జరిగాను.

నేను చెప్పాను. ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అమ్మమ్మకు అర్థమయ్యేలా రెండుసార్లు వివరించాను. అతను అన్నట్టే గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాన్న తల దించుకున్నారు. అమ్మ, "మిషన్లు తప్పు చెప్పవా ఏంటి?" అంది. అమ్మమ్మ మాత్రం అంతా విని, నా వైపు ఎప్పుడూ చూడని చూపు చూసింది.

"ముప్ఫై ఏళ్ళకి దేవుడు ఇచ్చాడే వాణ్ణి. నువ్వెవతివే తీసెయ్యడానికి?"

"అమ్మమ్మా, నీ కొడుకు..."

"నా కొడుకు సంగతి నాకు తెలుసు. రేపటి నుంచి నా గదిలోకి రాకు."

అతను ముందుకొచ్చి, "పిల్లని ఏమీ అనకమ్మా, నిజమే చెప్పింది" అన్నాడు. అమ్మమ్మ అతని చేయి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి అతను వడ్డిస్తేనే తినేది. నేను ఇంట్లో ఉన్నప్పుడు గది దాటి బయటకి వచ్చేది కాదు. అయ్యగారికి చెప్పాను. "ప్రార్థన చేద్దామమ్మా" అన్నారు. పేటలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఆస్తి కోసం మేనకోడలు మేనమామను కాదంటోందని నా వెనక అనుకోవడం మొదలుపెట్టారు. ఆ ఆస్తి మాట పుట్టించింది ఎవరో నాకు తెలుసు. అయితే అతను ఎవరితోనూ ఆ మాట అని ఉండడు. "పాపం, దానికి ఈ ఇల్లంటే చాలా ఇష్టం" అని మాత్రం అని ఉంటాడు.

మా అందరి కళ్ళూ అమ్మమ్మ నర్సరీ మీదే ఉన్నాయి. అతను రాయించుకుంటాడేమోనని నాన్న కూడా భయపడ్డారు. అమ్మమ్మ తనే రాస్తానంటే అతను వద్దన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు వద్దన్నాడు. అతనికి కావలసింది ఆ చిన్న తోట కాదు. పేటలోనూ, చుట్టుపక్కలా ఉన్న తోటలన్నీ కావాలి.

సంక్రాంతి వెళ్ళాక, మహారాష్ట్రలో వేస్తున్న ఆ పెద్ద తోట మాట మళ్ళీ ఎత్తాడు. మనవాళ్ళ మొక్కలే పంపిస్తే బాగుంటుంది కదా అన్నాడు. తనకేమీ వద్దన్నాడు. మొదట ఒక లారీ వెళ్ళింది. సరుకు ఇచ్చినవాళ్ళందరికీ డబ్బు వచ్చింది, అనుకున్న రోజు కన్నా ముందే వచ్చింది. ఇక ఆగలేదు. పెద్ద చెట్లు, కుండీల్లో ఏళ్ళ తరబడి పెంచినవి, అప్పు చేసి తెచ్చి నాటినవి, అన్నీ అరువు మీద ఇవ్వడానికి జనం మా గేటు దగ్గర బారులు తీరారు. ఎవరైనా వెనకాడితే అతను, "వద్దులెండి, నా మాట మీద ఇవ్వొద్దు. నన్ను నమ్మొద్దు" అనేవాడు. అప్పుడు వరండాలో కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ, "నా మాట మీద ఇవ్వండి" అనేది. మా పేటలో అమ్మమ్మ మాట తీసేసేవాళ్ళు లేరు. ఎన్నో పురుళ్ళు దగ్గరుండి పోయించిన మనిషి.

లారీలు ఉదయమంతా ఎక్కించుకుని మధ్యాహ్నానికి బయలుదేరాయి. చివరి లారీలో డ్రైవరు పక్కన అతను కూర్చున్నాడు. సరుకు దగ్గరుండి దించి వస్తానన్నాడు. అమ్మమ్మ గేటు దాకా వచ్చి, లారీ తలుపు పట్టుకుని, "టీ కోసం ఎక్కడా దిగకు నాయనా" అంది. అతను ఆమె తల మీద చేయి పెట్టి, "దిగనమ్మా" అన్నాడు.

అతని ఫోన్ ఆ సాయంత్రం నుంచే పలకలేదు. రెండో వారానికీ డబ్బు రాకపోయేసరికి అందరికీ అర్థమైంది. తోటల్లో కుండీలు ఉన్న చోట గుండ్రటి మరకలు మిగిలాయి. కొన్ని తోటలు మొత్తం ఖాళీ. ఎండ నేరుగా నేల మీద పడుతుంటే చూడటానికి వింతగా ఉండేది. జనం మా గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాళ్ళు. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది. "వాడికేదో అయ్యుంటుంది" అని అమ్మమ్మ అంటుంటే విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాళ్ళు. అమ్మమ్మ తోట అమ్మి కొందరికి ఇచ్చాం. నాన్న పెన్షన్ మీద అప్పు తెచ్చి ఇంకొందరికి ఇచ్చాం. అందరికీ ఇవ్వలేకపోయాం. గుడిలో మా బెంచీలో మాతో పాటు ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

ఎండాకాలం చివర అతను దొరికాడు. వేరే జిల్లాలో ఒక ఇంట్లో, చిన్నప్పుడు సన్యాసుల్లో కలిసిపోయిన అన్నగా ఉంటున్నాడట. అంతకుముందు ఇంకో చోట ఎవరికో భర్త. టీవీలో రెండు రోజులు అతని ముఖమే వేశారు. అసలు ఎవరో, ఏ ఊరో తేలలేదు. తేలింది ఒక్కటే. చాలా ఏళ్ళు హైవే మీద ఒక ధాబాలో పనిచేశాడు. లారీలు ఆగే చోటు అది. డ్రైవర్లు అన్నం తింటూ ఊళ్ళ కబుర్లు చెప్పుకుంటారు. ఎవరింట్లో ఎవరు తప్పిపోయారో, ఎవరు ఇంకా ఎదురు చూస్తున్నారో అతను అక్కడ కూర్చునే విన్నాడు. మజ్జిగ ఇచ్చి కొడుకు గుర్తులు చెప్పే కడియం ముసలమ్మ సంగతి ఆ దారిలో తెలియని డ్రైవరు లేడట. ఎడమ పక్కకి ఒరిగి నడిచే నడక కూడా అమ్మమ్మే అతనికి పంపించింది.

ఇదంతా అమ్మమ్మకు నేనే చెప్పాను. ఈసారి వింది. "నన్ను వాడి దగ్గరికి తీసుకెళ్ళు" అంది. తిట్టడానికేమో అనుకున్నాను.

అతను రాజమండ్రి జైల్లో రిమాండులో ఉన్నాడు. ఖైదీల్ని కలుసుకునే గదిలో ఇనప జాలీ అవతల నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. అమ్మమ్మను చూసి నమస్కారం పెట్టాడు. అమ్మమ్మ జాలీకి ముఖం ఆనించింది.

"నువ్వు నా కొడుకువి కావని తెలిసింది. పోనీలే. మా వాడు నీకు ఎక్కడ తగిలాడో అది చెప్పు."

అతను ఆమె వైపు చూస్తూ ఎదురు చూశాడు. ఆ ఎదురు చూడటం నాకు బాగా తెలుసు.

"నాగపూర్ దగ్గరేనా?" అంది అమ్మమ్మ.

"అక్కడేనమ్మా."

"ఉన్నాడా?"

అతను తల దించుకున్నాడు.

"జబ్బు చేసిందా?"

"జబ్బేనమ్మా."

"జ్వరమా? చిన్నప్పటి నుంచీ వాడికి ఊరికే జ్వరాలొచ్చేవి."

"జ్వరమే. ఎక్కువ రోజులు బాధ పడలేదు."

"అమ్మమ్మా, రా వెళ్దాం. ఇతను..." అన్నాను. ఆమె నా చేయి విదిలించుకుంది.

"నా మీద కోపం పోయిందా వాడికి?"

"ఎప్పుడో పోయిందమ్మా. చివరిదాకా మీ మాటే."

అమ్మమ్మ ఊపిరి వదిలింది. ముప్ఫై ఏళ్ళుగా లోపల పట్టుకున్న ఊపిరిలా అనిపించింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే, ఆరోగ్యం చూసుకో" అని వెనక్కి తిరిగింది. అతను ఆమె తల మీదుగా నా వైపు చూశాడు. జ్వరం రోజు బస్టాండు దగ్గర చూసిన చూపే. చెప్పుకో, అన్నట్టు.

ఆటోలో వస్తూ చెప్పాను, అతనికి ఏమీ తెలియదని, అన్నీ నువ్వే అందించావని. "తెలుసులే" అంది అమ్మమ్మ. ఏం తెలుసో చెప్పలేదు. నెల తిరక్కుండా అయ్యగారిని పిలిపించి మావయ్య పేరున జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టించింది. వస్తారో రారో అనుకున్నాం. నష్టపోయినవాళ్ళు కూడా కొందరు వచ్చి, చివరి వరసల్లో కూర్చుని, అన్నం తిని వెళ్ళారు. ఆ తర్వాత ఏడాదికి అమ్మమ్మ నిద్రలోనే పోయింది.

అప్పటికి అతనికి బెయిలు వచ్చిందని విన్నాం. వాయిదాలకు రావడం లేదని కూడా విన్నాం.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఉప్పాడ నుంచి ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. వాళ్ళాయన చాలా ఏళ్ళ క్రితం సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదట. వాళ్ళు అప్పుడున్న ఇల్లు కూడా సముద్రంలో కలిసిపోయిందట. ఇప్పుడు వెనక వీధిలో అత్తగారితో ఉంటోంది. బంధువు ఒకతను పాత టీవీ వీడియో ఫోన్‌కి పంపించాడని, అందులో మా ఊరి పేరు విని వచ్చానని చెప్పింది. తన ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. తలకు తువ్వాలు చుట్టుకుని, కొత్త ఇంటి అరుగు మీద కూర్చుని అతను వల బాగు చేస్తున్నాడు. కొంచెం నల్లబడ్డాడు.

"నేను కాదు కాదంటూనే ఉన్నాడండి. మా అత్తగారే వినలేదు" అంది.

నేను మొత్తం చెప్పాను. ఫొటో, మచ్చ, రక్తం, లారీలు, జైలు, ఏదీ దాచలేదు. అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుని, నేను మర్చిపోయినవి అందించింది. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. పోలీసులకు ఇప్పుడే ఫోన్ చేద్దామని నేను ఫోన్ తీశాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. వలలు లాగిన చేయి, గట్టిగా ఉంది.

"ఒక్కటి చెప్పండమ్మా. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మంచిగానే ఉన్నాడా?"

అమ్మ కిటికీ వైపు చూస్తూ, "మంచిగానే ఉన్నాడండి" అంది.

ఆవిడ తల ఊపి, చెప్పులు వేసుకుని, గేటు బయట ఆగి ఉన్న ఆటో ఎక్కింది. ఆటో కాలవ గట్టు మలుపు తిరిగాక నేను పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాను. వాళ్ళు ఆ సాయంత్రమే ఉప్పాడ వెళ్ళారట. ఆ ఇంట్లో అత్తా కోడలూ తప్ప ఎవరూ లేరని, అలాంటి మనిషి తమ ఇంటికి ఎన్నడూ రాలేదని ఇద్దరూ ఒకే మాట చెప్పారని మర్నాడు ఎస్సై నాకు చెప్పాడు.